బొమ్మ తలుపు

ఒక ఊరి సంత పక్కన ఒక చీకటిల్లు ఉండేది. దాన్ని ఒక మనిషి ఒక్కడే కట్టాడు. ఎవరి సొమ్మూ అడగలేదు, ఎవరి సలహా తీసుకోలేదు. తడికలు, మట్టి, పాత గోనెపట్టాలు, ఇంతే అతని సరంజామా.

ఆట చాలా చిన్నది. చేతిలో ప్రమిద పుచ్చుకుని ఒక తలుపులోంచి లోపలికి వెళ్ళాలి, మలుపులన్నీ తిరిగి ఇంకో తలుపు దగ్గర తేలాలి. నడుస్తుంటే వెనక ఏదో ఈడ్చుకుంటూ వచ్చేది. ఆగితే అదీ ఆగేది. నిజానికి అది తడిపిన గోనెసంచి. కాలి కింద చెక్క కుంగినప్పుడల్లా తాడు బిగిసి ఆ సంచి కదిలేది. మనిషిని తరిమింది మనిషి నడకే. ఈ సంగతి తెలిశాక కూడా జనం భయపడుతూనే ఉన్నారు.

చివరి తలుపుకి గడియ బయటివైపు ఉండేది. లోపలివాళ్ళు తట్టాలి, బయటివాళ్ళు తియ్యాలి. ఆ బయటివాళ్ళు నౌకర్లు కారు. ముందు ఆట ముగించి బయటపడ్డ మనిషే, తర్వాత వచ్చే మనిషి కోసం అక్కడ కూర్చోవాలి. తలుపు తీసేదాకా నోరు మెదపకూడదు. "ఉన్నావా?" అని లోపలినుంచి ఎంత అరిచినా పలకకూడదు. అదే ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద భయం. తలుపు తెరుచుకున్నాక ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేవాళ్ళు, ఆ వెంటనే నవ్వేవాళ్ళు.

మొట్టమొదట లోపలికి వెళ్ళింది ఒక పడుచు. ఆమెకి తలుపు తీసింది ఇల్లు కట్టినవాడే. ఆమె కూర్చుని ఇంకొకరికి తీసింది. ఆ వరస ఏళ్ళ తరబడి తెగలేదు.

కాలం గడిచింది. తడికలు చివికాయి, కట్టినవాడు ముసలివాడయ్యాడు. ఆ పడుచు జుట్టు నెరిసింది, ఆమె కొడుకు పెద్ద షావుకారయ్యాడు. చిన్నప్పుడు తల్లి ఎంత బతిమాలినా ఆ కొడుకు చీకటింటి గడప తొక్కలేదు. ఇప్పుడు మాత్రం దాని మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"పెద్దాయనా, నీ ఇంటిని కొత్తగా కడతాను. జనం దాన్ని ఇంకా మరిచిపోలేదు" అన్నాడు షావుకారు.

"నీ ఇష్టం బాబూ. ఏదైనా మార్చుకో. ఆ చివరి తలుపు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోను. మా అమ్మ మీద ఒట్టు."

కొత్త ఇల్లు లేచింది. మట్టిగోడలు పోయి రాతిగోడలు వచ్చాయి. గోనెసంచి పోయి, నాలుక వేలాడేసుకున్న రాక్షసుడు వచ్చాడు. మలుపు మలుపుకీ డోళ్ళు. ఎవరూ తడబడి పడకుండా దారి పొడవునా దీపాలు. చీకటిల్లట, దారి పొడవునా దీపాలట! తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదురుతాయా? జనం ఉలిక్కిపడ్డారు, పైబట్ట సర్దుకున్నారు, వెళ్ళిపోయారు. ఉలిక్కిపాటు వేరు, భయం వేరు. ఆ తేడా తెలియనివాళ్ళకి చీకటిని అప్పజెబితే ఇంతకన్నా ఏం చేస్తారు?

ఇక ఆ తలుపు. "బయట కూర్చుని కాచుకునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?" అన్నాడు షావుకారు. గోడల మీద బాణం గుర్తులు గీయించాడు. వాటి వెంట నడిస్తే చివర దానంతటదే తెరుచుకునే తలుపు. పాత తలుపు ఉన్నచోట చెక్కలు బిగించి, లోపలివైపు అచ్చం ఆ తలుపు బొమ్మే వేయించాడు. పాతదాని జ్ఞాపకార్థమట! ఒట్టు ఏమైందని ఎవరో అడిగితే, "తలుపు అక్కడే ఉందిగా, కళ్ళు కనబడవా?" అన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడిన నాలుకకి రంగు కూడా వేశారు.

ఆ చెక్కలకి బయటివైపు, గుడ్డ మీద గీయించిన ముసలివాడి నిలువెత్తు బొమ్మ తగిలించి దండ వేశాడు. బతికున్న మనిషి బొమ్మకి దండ వేయకూడదని చెప్పేవాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేకపోయాడు.

పాత ఆట ఎరిగినవాళ్ళు కొందరు వచ్చారు. బాణం గుర్తులు వదిలేసి పాత దారినే వెళ్ళి, బొమ్మ తలుపుని తట్టారు. బయట జనం విన్నారు. "చప్పుడు ఎంత బాగా పెట్టారో! అచ్చం మనిషి తట్టినట్టే ఉంది" అని చప్పట్లు కొట్టారు. లోపలివాళ్ళు కాసేపు తట్టి తట్టి, సిగ్గుపడి, బాణం గుర్తులు వెతుక్కుని బయటికొచ్చారు. తట్టింది తామేనని ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఒకనాడు మధ్యాహ్నం ముసలివాడే వచ్చాడు. షావుకారు శాలువా కప్పబోయాడు. ముసలివాడు పక్కకి జరిగాడు. తన ప్రమిద తనే వెలిగించుకున్నాడు. అన్ని దీపాల మధ్య ఆ ఒక్క ప్రమిద చూసి జనం నవ్వారు. అతను కళ్ళు మూసుకుని లోపలికి నడిచాడు. డోళ్ళు మోగాయి, రాక్షసుడు నాలుక ఊపాడు. అతను కళ్ళు తెరవలేదు. పాత దారిలోనే వెళ్ళి, కొసన నిలబడి తట్టాడు.

బయట చప్పట్లు.

మళ్ళీ తట్టాడు. వెనక్కి తిరగలేదు. ఎవరో ఒకరు ఉంటారని నమ్మి కట్టుకున్న తలుపది. నమ్మకం లేకపోతే మొదటే గడియ లోపల పెట్టుకునేవాడు.

"ఉన్నావా?" అన్న గొంతు సన్నగా వినిపించింది. చప్పట్లు ఇంకా పెరిగాయి.

జనంలో షావుకారు తల్లి ఉంది. ఆ గొంతు వింటూనే ఆమె లేచి, దండ తెంపి అవతల పారేసింది.

"అమ్మా! ఆ బొమ్మ ముట్టుకోకు, మహానుభావుడికి అవమానం!" అని కొడుకు అడ్డం వచ్చాడు.

"ఆ మహానుభావుడు దాని వెనకే ఉన్నాడురా! తప్పుకో!"

పక్క గుడారం దగ్గర గునపం పడి ఉంది. ఆమె దాన్ని ఎత్తి బొమ్మ గుండెల మీద పొడిచింది. గుడ్డ చిరిగింది, చెక్క విరిగింది. ఇంకో పోటుకి ఇంకో చెక్క. ఆ కంతలోంచి ముసలి చెయ్యి ఒకటి బయటికొచ్చింది. ఆమె పట్టుకుని లాగింది. తన బొమ్మ చీల్చుకుని ముసలివాడు బయటపడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వెంటనే నవ్వు మాత్రం రాలేదు.

జనం ఈలలు వేశారు. షావుకారు తేరుకుని చెయ్యెత్తాడు. "రేపటినుంచి ప్రతి ఆటలోనూ ఈ ఘట్టం ఉంటుంది!"

తల్లి కొడుకు దగ్గరికి వెళ్ళింది. "ఒట్టు వేసింది నా మీద కదరా. ఇంకా చావలేదేమని చూస్తున్నావా?"

షావుకారు ఎత్తిన చెయ్యి దించాడు.

"నువ్వు ఏనాడూ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళకుండానే బాగు చేశావు. ఇవాళ వెళ్ళు."

ఆమె నౌకర్ల వైపు తిరిగి, "ఆ దీపాలూ డోళ్ళూ ఆపండి" అంది. ఎవరి తల్లో తెలిసినవాళ్ళు గనక ఆపారు. ముసలివాడు లోపల వదిలిన ప్రమిదని కంతలోంచి అందుకుని కొడుకు చేతిలో పెట్టింది. ఊరంతా చూస్తోంది. షావుకారు తప్పించుకోలేక లోపలికి వెళ్ళాడు.

ముసలివాడు ఇంటికి పోలేదు. ఆట ముగించినవాడు ఎక్కడ కూర్చోవాలో అక్కడే, కంత పక్కన కూర్చున్నాడు. చిరిగిన తన బొమ్మనే తెరలా దాని మీదికి లాగాడు.

చాలాసేపు ఏ అలికిడీ లేదు. ప్రమిద వెలుగు కాళ్ళ ముందు దాటదు, గోడల మీది బాణం గుర్తులు ఎవరికి కనబడతాయి? ఆఖరికి, మిగిలిన చెక్కల మీద ఎవరో తట్టారు. మెల్లగా మొదలై గబగబా తట్టారు.

అలవాటు కొద్దీ జనం చేతులెత్తారు. తల్లి వాళ్ళవైపు చూసింది. చేతులు అలాగే ఆగిపోయాయి.

"పెద్దాయనా! ఉన్నావా?" అన్నాడు షావుకారు లోపలినుంచి. కాసేపటికి మళ్ళీ, చిన్నపిల్లాడి గొంతుతో, "తీస్తావుగా?" అన్నాడు.

ముసలివాడు బొమ్మ అంచు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పలకలేదు.