గడప దాటని తాళాలగుత్తి

అనగనగనగా, రోగులకు కూడా మంచిరోజులున్న రాజ్యం ఒకటి ఉండేదట. అక్కడి వైద్యశాలలో పరిచారికలకు ఒక ఆచారం. మందులగది తాళాలగుత్తి కింద పెట్టకూడదు, గోడకు తగిలించకూడదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకే మారాలి. గుత్తి ఎవరి దగ్గరుంటే వాళ్ళు గడప దాటకూడదు. మనుషులు నిండుగా ఉన్నన్నాళ్ళూ అది మంచి ఆచారమే సుమా.

ఒకనాడు రాణిగారి కాళ్ళు పట్టడానికని కొందరు పరిచారికలను కోటకు తీసుకుపోయారు. మిగిలినవాళ్ళలో పెద్దామె పేరమ్మ. చూడవచ్చిన మంత్రితో, "అయ్యా, మనుషులు చాలడం లేదు" అంది.

"నీది అమృతహస్తం పేరమ్మా. నువ్వు సర్దుకోగలవు" అన్నాడు మంత్రి.

కొన్నాళ్ళకు పొరుగురాజు అడిగాడని ఇంకొందరిని పంపేశారు. పేరమ్మ మళ్ళీ అడిగింది.

"నువ్వు మనిషివి కాదమ్మా, దేవతవు" అన్నాడు మంత్రి. దేవతకైతే ఆకలుండదు, నిద్రుండదు. ఎంత తేలికైన మాటో చూడండి.

ఆపైన విషజ్వరాలొచ్చాయి. ఉన్న కొద్దిమంది పరిచారికలూ మంచాన పడ్డారు. గుత్తి పేరమ్మ నడుమునే ఉండిపోయింది. కూతురు రోజూ వచ్చి, గడప అవతలే నిలబడి, "ఇంటికెప్పుడొస్తావే అమ్మా" అని అడిగేది.

"ఈ గుత్తి ఎవరైనా అందుకోగానే వస్తా తల్లీ" అనేది పేరమ్మ.

జ్వరం నెత్తికెక్కిన సైనికుడొకడు, ఇద్దరు పట్టుకోవాల్సినవాడు, ఒంటరిగా ఉన్న ఆమెను గోడకేసి నెట్టాడు. తల పగిలింది.

"పాపం, వాడికి ఒంటిమీద తెలివి లేదు. ఓర్చుకో" అన్నాడు మంత్రి. పేరమ్మ తలకు గుడ్డ చుట్టుకుని మందు తేవడానికి పోయింది.

ఆమె ఓర్పు సంగతి రాజుగారి చెవిన పడింది. శాలువా తీసుకుని, మేళతాళాలతో వచ్చాడు. పేరమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ప్రభూ, ఈ గుత్తి కాస్త పట్టుకోండి."

రాజు నవ్వుతూ అందుకున్నాడు. పేరమ్మ అక్కడే కూలబడి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

రాజు గుత్తిని మంత్రికి అందించబోయాడు. మంత్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. లోపల ప్రతి మంచం మీంచీ "అమ్మా, దాహం" అంటున్నారు. ఆ గుత్తి ఎంత బరువో రాజుకు అప్పుడు తెలిసింది. పరిచారికలందరినీ వెనక్కి రమ్మని కబురంపి, వాళ్ళొచ్చేదాకా గడప దాటకుండా తానే రోగులకు నీళ్ళు పోశాడు.

పేరమ్మ ఇంటికి వెళ్ళింది, నలుగురి భుజాల మీద. కూతురు కొత్త శాలువా పక్కకు తీసి, అమ్మ చెయ్యి పట్టుకుంది.

సేవ చేసేవాళ్ళను దేవతలని పొగిడితే చాలదు పిల్లలూ, వాళ్ళ బరువు అందుకోవడానికి పక్కన ఇంకో మనిషిని ఉంచాలి.