ఏడో బొమ్మబిళ్ల

అనగనగా, ఏరు పుట్టిన కొండకూ ఏరు కలిసిన సముద్రానికీ నడుమ మణిగిరి అనే రాజ్యం ఉండేది. దానిని ఉదయవర్మ అనే రాజు పాలించేవాడు. ఆయనకు చెడుగుడు ఆట అంటే ప్రాణం. ఏటేటా పంటలు ఇంటికి చేరగానే కోట ముందు బరి గీయించి, ఊరికొక జట్టును పిలిపించి పోటీలు పెట్టించేవాడు.

పోటీలకు ముందు కోటలోని చిత్రకారులు ఆటగాళ్ల బొమ్మలు గీసేవారు. గుడ్డ మీద గుడ్డ అంటించి, చింతగింజల జిగురు పూసి, అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్లలు చేసేవారు. ఒక్కో బిళ్ల మీద ఒక్కో ఆటగాడి రూపం దిద్ది, పైన లక్క పూత వేసేవారు. ఆ బిళ్లను బెల్లపు అచ్చుతో కలిపి ఆకులో చుట్టి అంగళ్లలో అమ్మేవారు. పొట్లం విప్పేదాకా లోపల ఎవరి బొమ్మ ఉందో ఎవరికీ తెలియదు. పిల్లలకు బెల్లం మీద కంటే బిళ్ల మీదే ఆశ. పెద్దలకూ అంతే. కాకపోతే వాళ్లు పిల్లల పేరు చెప్పి కొనుక్కునేవారు.

రాజు ఒక నియమం పెట్టాడు. ఏ జట్టు బరిలోకి దిగాలన్నా, ఆ జట్టులోని ఏడుగురి బిళ్లలూ పట్టుకుని ఒక్క మనిషైనా కోట గుమ్మం దగ్గర నిలబడాలి. అభిమానించేవాడు ఒక్కడైనా లేని జట్టు ఆడి ఏం లాభమని ఆయన ఉద్దేశం. ఎవరైనా దొంగబిళ్ల చూపిస్తే మాత్రం ఆ జట్టుకు ఇక ఎన్నటికీ బరిలో చోటు లేదు.

ఆ రాజ్యంలో ఏటిగడ్డ అనే పల్లె ఉంది. అక్కడ పేరిందేవి అనే ఆమె వలలు అల్లుకుని బతికేది. ఒంటరి మనిషి. ఏటిగడ్డ జట్టు ఆమె గుడిసె ముందున్న ఇసుకలోనే ఆడేది. చేతులు వల మీద ఉన్నా ఆమె చెవులు కూత మీదే ఉండేవి. కళ్లు మూసుకుని కూడా అది ఎవరి కూతో చెప్పేది.

పాపం, ఆ జట్టు ఏళ్ల తరబడి ఓడిపోతూనే ఉంది. ఓడిన కొద్దీ ఊరివాళ్ల మనసు విరిగింది. ఒకరొకరుగా తమ బిళ్లలు పారేసి, గెలుస్తూ వస్తున్న కోట జట్టు బిళ్లలు తెచ్చుకున్నారు. పేరిందేవి మాత్రం ఆరుగురు పాత ఆటగాళ్ల బిళ్లలనూ చిన్న వెదురుబుట్టలో పెట్టి, రోజూ తుడిచి దాచుకునేది. ఓడే జట్టు బొమ్మలు నీకెందుకని ఇరుగుపొరుగు నవ్వేవారు.

"గెలిచేవాళ్లకు మీరందరూ ఉన్నారు కదా" అనేది ఆమె.

ఆ సంవత్సరం జట్టులోకి ఏడోవాడిగా మిన్నడు అనే కొత్త ఆటగాడు వచ్చాడు. పొట్టివాడు, బక్కపలచటివాడు. పట్టుకోబోతే చేపలా జారిపోయేవాడు. కూత పెడితే ఏటి అవతలి గట్టుకు వినిపించేది. వాడి ఆట చూసి పేరిందేవి ఎన్నోసార్లు వల ముడి తప్పింది.

ఆ ఆటను ఇంకొకడు కూడా చూశాడు. అతడు వసుగుప్తుడనే షావుకారు. కోట జట్టును పోషించేది అతడే. బెల్లం పొట్లాలు కట్టించి అమ్మేదీ అతడే. కోట జట్టు అప్పటికే వరుసగా రెండేళ్లు గెలిచింది. మూడో ఏడు కూడా గెలిస్తే రాజ్యంలోని సంతలన్నిటి మీదా పెత్తనం అతడికి ఇస్తానని రాజు మాట ఇచ్చి ఉన్నాడు. ఒకనాడు పడవలో పోతూ ఇసుకలో మిన్నడి ఆట చూసేసరికి షావుకారుకు గుండె జారింది. బరిలో వీడిని ఆపడం కష్టం, గుమ్మం దగ్గరే ఆపాలి అనుకున్నాడు. మిన్నడి బిళ్ల ఒక్కటి కూడా పొట్లంలోకి పోరాదని తన కొట్టులో గట్టిగా చెప్పాడు.

పేరిందేవి ఈ సంగతి ఎరగదు. వల అమ్మినప్పుడల్లా ఒక పొట్లం కొనేది. ఆశగా ఆకు విప్పేది. లోపల ఎవరెవరో ఉండేవారు గాని మిన్నడు ఉండేవాడు కాదు. తినీ తినీ ఆమెకు బెల్లం వెగటు పుట్టింది. ఇంట్లో చీమలకు మాత్రం పండగైంది.

ఇంత పట్టుదలగా వెతికే మనిషి ఒకతె ఉందని వసుగుప్తుడికి తెలిసింది. పల్లకీలో ఏటిగడ్డ వచ్చాడు. పట్టుచీర ముందు పెట్టి, దానికి బదులుగా ఏటిగడ్డ జట్టు నాయకుడు సింగన్న బిళ్ల ఇమ్మన్నాడు. లేనిదానికోసం వెతుకుతూ ఉన్నదాన్ని ఎలా వదులుకుంటానని ఆమె చీరను తిరిగి ఇచ్చేసింది.

రెండోసారి కోట జట్టు బిళ్లలన్నీ గంధపు పెట్టెలో పెట్టి తెచ్చాడు. ఇవి తీసుకుని ఆ వెదురుబుట్టను ఏట్లో వదిలెయ్యమన్నాడు. నగరంలో ఇల్లు కూడా ఇస్తానన్నాడు.

"షావుకారుగారూ, పెట్టె బాగుంది. కానీ వీళ్లలో ఎవరి కూతా నేను ఎరగను" అని ఆమె పెట్టెను వినయంగా వెనక్కి జరిపింది.

మూడోసారి అతడు రాలేదు. బాటసారి వేషంలో ఒక సేవకుణ్ణి పంపాడు. ఆ బాటసారి ఏరు దాటబోతూ ఆమె గుడిసె ముందు ఆగి మంచినీళ్లు అడిగాడు. తాగి, తనకు పొట్లంలో ఏటిగడ్డవాడెవడో వచ్చాడని, తనకు అక్కరలేదని ఒక బిళ్ల ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. చూస్తే మిన్నడు! పేరిందేవి ఆనందానికి హద్దు లేదు. జట్టును పిలిచి చూపించింది. ఏడుగురూ ఇసుకలో గంతులు వేశారు.

వలను తడిపి అల్లడం వల్ల ఆమె వేళ్లకు ఎప్పుడూ చెమ్మ ఉండేది. సంబరం కాస్త తగ్గాక చూసుకుంటే ఆమె బొటనవేలు ఎర్రగా ఉంది. బొమ్మలోని మిన్నడి పంచె రంగు వేలికి అంటింది. లక్క పూసిన అసలు బిళ్లకు రంగు పోదు. ఆమె బిళ్లను మళ్లీ ఆకులో చుట్టి, ఇది దొంగబిళ్ల అని జట్టుకు చెప్పింది.

 తెల్లవారితే పోటీ. సింగన్న ఆమె దగ్గరికి జరిగాడు.

"అక్కా, చూపించేద్దాం. గుమ్మం దగ్గర భటులు వేలితో రుద్ది చూస్తారా?"

"వాళ్లు రుద్దకపోవచ్చు తమ్ముడూ. నేను రుద్దాను కదా" అంది పేరిందేవి.

సింగన్న తల వంచుకున్నాడు. మిన్నడు ఆమె పక్కన వచ్చి కూర్చుని, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఆడదాంలే అక్కా అన్నాడు. వాడికి ఆడాలని ఎంత ఆశో ఆమెకు తెలుసు.  అయినా మాట మార్చలేదు.

మరునాడు కోట గుమ్మం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. రాజు సింహాసనం మీద కూర్చున్నాడు. కోట జట్టు వెనుక వందలమంది బిళ్లలు ఎత్తి నిలబడ్డారు. ఏటిగడ్డ పేరు పిలిచినప్పుడు పేరిందేవి ఒక్కతే ముందుకు నడిచింది. పళ్లెంలో ఆరు బిళ్లలు పెట్టింది. ఆకు పొట్లాన్ని మాత్రం చేతిలోనే ఉంచుకుని, రాజుకు చెప్పుకోవడానికి నోరు తెరవబోయింది.

ఆమె ఎక్కడ తప్పించుకుపోతుందోనని వసుగుప్తుడు చివాల్న లేచాడు.

"మహారాజా, ఆమె చేతిలో ఉన్నది దొంగబిళ్ల! తడి తగిలితే రంగు పోతుంది. ఏటిగడ్డను వెలివేయండి."

జనం ఒక్కసారిగా గోల చేశారు. పేరిందేవి గోల అణిగేదాకా ఆగింది.

"నిజమే మహారాజా. ఇది దొంగబిళ్లే. దీన్ని పళ్లెంలో పెట్టలేదు, పెట్టను. ఆరే ఉన్నాయి, ఏడోది దొరకలేదు. ఆ మాట చెప్పుకోవడానికే వచ్చాను. కానీ ఆకు ఇంకా విప్పనే లేదు. లోపల ఉన్నదాని రంగు సంగతి షావుకారుగారికి ఎలా తెలిసింది?"

 రాజు షావుకారు వైపు తిరిగి అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. వసుగుప్తుడు తడబడ్డాడు.

"మిన్నడి అసలు బిళ్ల రాజ్యంలో ఎవరి దగ్గరా లేదు ప్రభూ. అందుకని..."

రాజు చిత్రకారుణ్ణి పిలిపించాడు. అందరి బిళ్లలు ఎన్ని చేశామో మిన్నడివీ అన్నే చేసి షావుకారు కొట్టుకు పంపామని చిత్రకారుడు చెప్పాడు. భటులు వెళ్లి కొట్టు తెరిచారు. బెల్లపు బానల వెనుక గంపలకొద్దీ మిన్నళ్లు దొరికారు.

రాజు స్వయంగా ఒక బిళ్ల తీసి పేరిందేవికి అందించాడు. ఆమె దాన్ని తడి వేలితో రుద్ది చూసింది. రంగు చెక్కుచెదరలేదు. అప్పుడు పళ్లెంలో పెట్టింది. రాజు నవ్వి, "అమ్మా, ఇక నీ జట్టును బరిలోకి పిలువు" అన్నాడు.

ఆ రోజు ఏటిగడ్డవాళ్లు ఆడిన ఆట గురించి మణిగిరిలో చాలాకాలం చెప్పుకున్నారు. ఒక్కో జట్టునూ ఓడించి చివరికి కోట జట్టుతో తలపడ్డారు. ఆఖరి కూత వేళకు ఏటిగడ్డ వైపు మిన్నడు ఒక్కడే మిగిలాడు. అవతల ముగ్గురు మల్లులు. మిన్నడు నేలకు మొక్కి కూత పెట్టి దూకాడు. ఒకడిని కాలితో తాకాడు, ఇంకొకడిని చేత్తో తాకాడు. మూడోవాడు వాడి నడుము పట్టి కింద పడేశాడు. ఊపిరి సలపడం లేదు. అయినా కూత తెగలేదు. పేరిందేవి తన ఊపిరి కూడా బిగపట్టింది. మిన్నడు మట్టిలో జానెడు జానెడుగా జరిగి, చెయ్యి చాచి గీత ముట్టుకున్నాడు.

ఏటిగడ్డ గెలిచింది! సింగన్న పరుగున వచ్చి పేరిందేవిని భుజాల మీదకు ఎత్తుకున్నాడు. ఆమె దింపమని కసురుతూనే రెండు చేతులూ పైకెత్తి కేకలు వేసింది. బిళ్లలు పారేసిన ఊరివాళ్లే ఎదురొచ్చి, డప్పులు కొట్టించి, ఆమెను జట్టుతోపాటు ఏటిగడ్డదాకా ఊరేగించారు.

వసుగుప్తుడికి సంతల పెత్తనం దక్కలేదు. ఆపై ఏటేటా అతడు నలుగురి ఎదుట కూర్చుని, ప్రతి బిళ్లనూ పైకెత్తి చూపించి మరీ తన చేత్తోనే పొట్లాలు కట్టాలని రాజు ఆజ్ఞాపించాడు.

ఒంటరిగా నిలబడ్డా నిజానికి ఓటమి లేదు. ఎంత పకడ్బందీగా పన్నినా మోసం తన నోటితో తానే పట్టుబడుతుంది.