కార్బురేటర్ అడుగున రంధ్రం

విజయనగరంలో కార్లు బాగుచేసే వీరభద్రాచారిగారిని శిష్యుడు సోమేశం ఒకనాడు అడిగాడు: "గురువుగారూ, యంత్రాన్ని తయారుచేసినవాడు మనకన్నా తెలిసినవాడే కదా. మరి అతను చేసినదాన్ని మార్చే అర్హత మనకెప్పుడొస్తుంది?"

ఆచారిగారు అప్పుడే షెడ్డుకు వచ్చిన పెద్ద కారు చూపించి, "దీని సంగతి నువ్వే చూడు" అన్నారు.

అది ఒకప్పుడు జమీందారుల ఇంట తిరిగిన విదేశీ కారు. వాళ్లు దాన్ని డాక్టర్ ఎస్తేరమ్మకు ఇచ్చేశారు. ఆవిడ అందులోనే సాలూరు ఘాటు రోడ్డు మీదుగా కొండ ఊళ్లకు వెళ్లి వైద్యం చేసేది. చల్లటి దేశం కోసం పుట్టిన బండి అది. మన ఎండల్లో ఘాటెక్కి ఒకసారి ఆగిందంటే మళ్లీ కదలడానికి మొరాయించేది.

సోమేశం రోజూ దాన్ని ఎండలో తోలి, ఆపి, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. ఆపిన కాసేపటికి ఇంజను వేడి పైకి పాకి, కార్బురేటర్‌లోని పెట్రోలు మరిగిపోతోందని పోల్చుకున్నాడు. రెంటికీ మధ్య వేడిని పాకనివ్వని దళసరి బేకలైట్ పలక బిగించాడు. బండి దారికొచ్చింది.

ఆ ఊపులో ఇంకో పని కూడా చేశాడు. కార్బురేటర్ అడుగున చీమ దూరేంత రంధ్రం ఉంది. అప్పుడప్పుడూ అందులోంచి పెట్రోలు చుక్కలు కారి డాక్టరమ్మ ఇంటి ముందు గచ్చు మరకలు పడేది, అంత దర్జా కారూ వాసన కొట్టేది. సోమేశం ఆ రంధ్రాన్ని సీసంతో పూడ్చేశాడు. గురువుగారికి చెప్పవలసినంత పనిగా కూడా అతనికి తోచలేదు.

బండిని పరీక్షించడానికి గురుశిష్యులిద్దరూ డాక్టరమ్మ వెంట కొండెక్కారు. మిట్టమధ్యాహ్నం ఆపి మళ్లీ తిప్పితే ఇంజను ఇట్టే అందుకుంది. సోమేశం ముఖం వెలిగిపోయింది. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఒక నిండు గర్భిణి ఉంది. తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్‌కు పట్నం తీసుకుపోతున్నారు. ఘాటు మలుపులో లారీ ఒకటి దారికి అడ్డంగా నిలిచిపోతే, ఇంజను ఆపకుండానే కాచుకున్నారు. ఉన్నట్టుండి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సోమేశం ఎంత తిప్పినా ఉలకలేదు.

"ఆచారిగారూ, ఈ పిల్లకి అంత వ్యవధి లేదండీ" అంది డాక్టరమ్మ, గర్భిణి చెయ్యి వదలకుండా.

ఆచారిగారు బానెట్ ఎత్తి కార్బురేటర్ అడుగున తడిమారు. వేలు సీసం దగ్గర ఆగింది. శిష్యుడి వైపు ఒక్కసారి చూసి, దబ్బనంతో దాన్ని పొడిచారు. పెట్రోలు ధార కట్టి నేల మీద పడింది. లోపల నలుసు ఇరుక్కుని పెట్రోలు పొంగినప్పుడు, ఇంజనులోకి దిగి దాన్ని ముంచెయ్యకుండా బయటికి పోవడానికి ఉంచిన దారి అది. ఆయన నలుసు తీయగానే సోమేశం లారీవాళ్లను పిలిచి, నిప్పంటుకోకుండా బండిని ఆ తడి దాటేదాకా తోయించాడు. వెనకనుంచి మూలుగు వినిపిస్తూనే ఉంది. ఈలోగా లారీ పక్కకు తప్పుకుంది. చివరికి ఇంజను ఉక్కిరిబిక్కిరై, నల్లటి పొగ కక్కి, అందుకుంది.

తల్లీబిడ్డా దక్కారు. ఆ మాట విన్నాక సోమేశం ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు.

"బుద్ధొచ్చింది గురువుగారూ. ఆ పలక కూడా పీకేస్తాను. తయారుచేసినవాడి పని జోలికి ఇంక పోను."

"పలక ఉండనీ. అలాంటిదే ఇంకోటి చేసిపెట్టు, ఇది పగిలితే పనికొస్తుంది."

సోమేశం తెల్లబోయాడు. "రెండూ నేను చేసిన మార్పులే కదండీ!"

ఆచారిగారు కండువాతో చేతులు తుడుచుకున్నారు.

"వేడిని రోజూ ముట్టుకుని చూశావు. రంధ్రాన్ని కనబడగానే మూసేశావు."