పెళ్ళి పాలికలు మొలిచిన వంగమడి

అనగనగనగా, కాలవ గట్టు కింద గోరంత ఊరు. ఆ ఊళ్ళో సూరన్న అని ఒక రైతు. ఆయన భార్య నూకరత్నం. వాళ్ళకున్నది ఒకే ఒక్క మడి. ఇటు తిరుగు చిట్టితల్లీ, కథ గోడకి చెబుతున్నానా ఏంటి!

సూరన్న ఆ మడిలో మొదటిసారి వంగ వేశాడు. కాయలు నల్లగా నిగనిగలాడుతూ కాశాయి. మొదటి గంప సంతకెళ్ళిన రోజే ఆయనకి కూతురు పుట్టింది. వరాలు అని పేరు పెట్టుకున్నాడు. "మనకి వంగ అచ్చొచ్చిందే!" అన్నాడు. అంతే, మరుసటేడూ వంగే. ఆ పై ఏడూ వంగే. వరాలు పెళ్ళికెదిగేదాకా ఆ మడి ఇంకో పంట మొహం చూస్తే ఒట్టు.

అప్పుడు మొదలైంది తంటా. ఒక ఏడు ఆకులు పసుపు తిరిగాయి. సూరన్న రెండు బళ్ళ ఎరువు ఎక్కువ తోలాడు. ఆ తర్వాతి ఏడు కాయలు గిడసబారాయి. కొత్త విత్తనం తెచ్చాడు. మూడో ఏడు మొదళ్ళ దగ్గర తడి ఉండగానే మొక్కలు తలలు వేలాడేశాయి. అప్పుడేం చేశాడో తెలుసా? దిష్టి తగిలిందని గట్టు మీద కర్రకి పాత చెప్పు కట్టాడు. చెప్పు చెక్కుచెదరలేదు. మొక్కలే పోయాయి.

ఇటుకబట్టీ పోతురాజు ఏటా వచ్చి గట్టు మీద నిలబడేవాడు. "బావా, నీ మట్టి చచ్చిపోయింది. నాకిచ్చెయ్. తవ్వుకెళ్ళి ఇటుకలు కోసుకుంటా" అనేవాడు.

ఆ మాట వింటే నూకరత్నానికి గుండె గుభేలుమనేది. మట్టి తవ్వేస్తే మిగిలేది గొయ్యే కదా! "ఒక్కేడు వేరే పంట వేద్దామయ్యా" అని బతిమాలేది. "వంగ మానేస్తే మన పిల్లకి అచ్చిరాదే" అనేవాడు సూరన్న. అదీ ఆయన భయం.

ఆ తర్వాత ఎండాకాలంలో వరాలు పెళ్ళి జరిగింది. పెళ్ళింట్లో మట్టిమూకుళ్ళలో నవధాన్యాలు పోసి, పాలూ నీళ్ళూ చిలకరించి మొలకెత్తిస్తారు, చూశావుగా? అవే పాలికలు. పెళ్ళయ్యాక వాటిని పారే నీళ్ళలో కలపాలి. కాలవ చూస్తే కట్టేశారు. చుక్క నీరు లేదు. నూకరత్నం అటు చూసింది, ఇటు చూసింది. 'ఈశాన్యం మూల కూడా దేవుడి చోటేగా' అనుకుంది. మడిలో ఆ మూలన, చాపంత జాగాలో, మొలకలన్నీ దింపేసింది.

"అలా వెయ్యొచ్చా అమ్మమ్మా?"

వేసేసింది తల్లీ, ఇప్పుడేం చేస్తాం?

ఇంటి నుంచి రోజూ బిందెడు నీళ్ళు మోసి ఆ మొలకల్ని బతికించింది. ఇంతలో వానలు పడ్డాయి. సూరన్న నాగలి కట్టాడు. "ఇదేంటే, మూలన గడ్డి పెంచుతున్నావా?" అన్నాడు.

"పిల్ల పెళ్ళి పాలికలయ్యా అవి! నాగలి తగిలిందో, రేపట్నించి నీ కూడు నువ్వే వండుకో!"

కూడు మాటకి కాదు గానీ, పాలికలన్న మాటకి భయపడ్డాడు. చుట్టూ దున్ని మళ్ళీ వంగే వేశాడు. వంగ మళ్ళీ వాడిపోయింది. మూలన మాత్రం నువ్వూ వరీ పెసరా కలిసిమెలిసి పెరిగాయి, పండాయి, ఎండాయి. పోతురాజు వచ్చాడు. "ఇంకొక్క పంట చూస్తాను. అప్పటికీ కాకపోతే తవ్వుకో" అని సూరన్న మాటిచ్చేశాడు.

మరుసటేడు మూలతో సహా మడంతా వంగ వేశాడు. రెండు నెలలు తిరక్కుండానే చెట్లు వడలిపోయాయి. పోతురాజు బండీ, పారలూ, నలుగురు మనుషులతో దిగాడు.

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. ఆఖరిసారిగా నాలుగు కాయలు దొరుకుతాయేమోనని మడిలోకి దిగింది. ఈశాన్యం మూలకెళ్ళి అక్కడే నిలబడిపోయింది. చాపంత జాగాలో ఏడెనిమిది చెట్లు, ఆమె నడుమెత్తున, కొమ్మకి ఇన్నేసి కాయలతో!

అప్పుడు నూకరత్నం వాడిన చెట్టొకటి పీకింది. వేళ్ళ నిండా పూసలు గుచ్చినట్టు బుడిపెలు. మూలనున్న చెట్టొకటి పీకింది. వేళ్ళు తెల్లగా, దారాల్లా ఉన్నాయి. రెండూ తెచ్చి, గట్టు మీద కూర్చున్న మొగుడి ఒళ్ళో పడేసింది.

"చూడు! మట్టిలో కంటికాననంత పురుగులుంటాయని మా నాన్న అనేవాడు, ఈ బుడిపెలు వాటి పనే. వాటికి వంగవేళ్ళంటే పండగ. నువ్వు ఏటేటా అదే వడ్డిస్తుంటే పంక్తిలోంచి ఎందుకు లేస్తాయి? మూలన ఒక్కేడు వంగ లేదు. ఆకలికి మాడిపోయాయి. మట్టికీ కాస్త ఊపిరాడింది."

"మరి పిల్లకి అచ్చిరాకపోతే?" అన్నాడు సూరన్న, చిన్న గొంతుతో.

"పిల్ల పెళ్ళి గింజలేగా మట్టిని బతికించాయి! ఇంతకన్నా ఏం అచ్చిరావాలయ్యా?"

సూరన్న ఆ తెల్లటి వేళ్ళు చేత్తో నిమిరాడు. ఎన్నేళ్ళ బరువో దిగినట్టు ఊపిరి వదిలాడు. లేచి వెళ్ళి పోతురాజు చేతిలోని పార తీసి బండిలో పెట్టాడు. ఈశాన్యం మూల వంకాయలు ఒడెడు కోసుకొచ్చి దాని పక్కన పోశాడు. "మట్టి చావలేదు బావా, మొహం మొత్తింది. మా చెల్లెమ్మ చేత కూర వండించుకో!"

"ఇటుకలకొస్తే వంకాయలా!" అని పోతురాజు విసుక్కుంటూనే నవ్వేశాడు. బండి తిరిగెళ్ళింది.

ఆ ఏడు మిగతా వంగ పీకేసి నువ్వులు చల్లారు. ఆ తర్వాత జొన్న వేశారు. ఆ తర్వాత వంగ మళ్ళీ వచ్చింది, చుట్టం వచ్చినట్టు, నల్లగా నిగనిగలాడుతూ. మొదటి గంప ఎక్కడికెళ్ళిందంటావు? సంతకి కాదు, వరాలు అత్తారింటికి!

ఈ ఏడు వంగ, పై ఏడు జొన్న,
నడుమ నువ్వులంటాడు మన సూరన్న.
మడి కడుపు చల్లన, మన పక్క మెత్తన,
కంచి చేరె కథ, కళ్ళు మూయి కన్నా.