పూర్వాశ్రమపు బండి

శాంతానందస్వామివారికి ఆ పేరు పెట్టిన గురువు ఎవరో గాని, శాంతం పేరు దగ్గరే ఆగిపోయింది. శిష్యులు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు. కసురుతారు, లేదా ఏదో పని చెప్పి పంపేస్తారు. ఆ కసురులోనే జవాబు ఉందని శిష్యుడికి తర్వాతెప్పుడో తెలుస్తుంది. అలాంటి గురువు దగ్గరికి ఆ రోజు శిష్యుడు బోధానంద తానే నిప్పులు కక్కుతూ వచ్చాడు.

"స్వామీ, ఇది పట్టపగలే దోపిడీ! ఏటేటా బీమా కట్టించుకున్నారు. తీరా అవసరం వచ్చేసరికి ఇది ఆ బండి కాదంటున్నారు. అవే చక్రాలు, అదే బాడీ, అదే రంగు. అది కాకపోతే మరి ఇది ఏ బండి?"

ఆ బండి సంగతి ముందు చెప్పాలి. అనకాపల్లి అవతల ఒక కొండ మీద ఉంది ఆశ్రమం. కింద గేటు నుంచి పైన మందిరం దాకా ముసలివాళ్ళు నడవలేకపోతున్నారని, గోల్ఫు మైదానాల్లో తిరిగే బ్యాటరీ బండి ఒకటి ఎవరో భక్తుడు ఇచ్చాడు. అది తాపీగా పోయేది. వేగం హద్దు దాటకుండా తయారుచేసినవాళ్ళే లోపల కట్టుదిట్టం చేశారు. ఆ నడక బోధానందకు నచ్చలేదు. సన్యాసం పుచ్చుకోకముందు అతను పైడిరాజు, గాజువాకలో బ్యాటరీ ఆటోలు బాగుచేసేవాడు. చెయ్యి ఊరుకోదు కదా. సీటు ఎత్తి, ఆ కట్టు విప్పేసి, పెద్ద బ్యాటరీలు బిగించాడు. బ్రేకులు మాత్రం పాతవే. బండి రయ్యిన కొండెక్కుతుంటే కుర్రభక్తులు ఈలలు వేశారు, అతనికి ఒళ్ళు పొంగిపోయింది. బీమావాళ్ళకు చెప్పలేదు, స్వామివారికీ చెప్పలేదు. సేవ కోసమే కదా అనుకున్నాడు. ఈ సేవ అనే మాట చాటున ఎన్ని పొగరుబోతు పనులు సాగిపోతాయో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒకనాడు బోధానంద తోలుతూ కొండ దిగుతుంటే వంపులో బండి తిరగబడింది. వెనక సీట్లో ఉన్నది అప్పలనరసమ్మ ఒక్కతే. ఆశ్రమం వంటశాలలో విస్తళ్ళు కుట్టే ముసలావిడ. పైడిరాజు పుట్టిన ఊరిదే, చిన్నప్పుడు అతన్ని చంకనెత్తుకుని తిప్పిన మనిషి. తుంటి ఎముక విరిగింది. వెంటనే ఆపరేషను చెయ్యకపోతే ఇక లేచి నడవదని డాక్టరు తేల్చేశాడు. బోధానందకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. పోలీసులు అడిగితే బ్రేకు పట్టలేదన్నాడు. అబద్ధం కాదు. ఎందుకు పట్టలేదో మాత్రం చెప్పలేదు.

బీమా కంపెనీ మనిషి వచ్చి, సీటు ఎత్తి చూసి, మళ్ళీ దించాడు. "స్వామీ, మేము బీమా ఇచ్చింది ఆవరణలో మెల్లగా తిరిగే బండికి. ఈ వేగంతో పోయేదాన్ని చట్టం మోటారు వాహనం అంటుంది. మరి దీనికి నంబరేది? నడిపినవారికి లైసెన్సేది? మా కంపెనీ ఏమీ ఇవ్వదు. ఆవిడ కోర్టుకెళితే నష్టపరిహారం మీరూ మీ ఆశ్రమమూ భరించాల్సిందే" అని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మర్యాదకే బోధానందకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటినుంచీ కనపడ్డవాళ్ళందరి ముందూ కంపెనీని తిట్టడమే పని. ఆ తిట్లన్నీ మోసుకుని ఇప్పుడు గురువు దగ్గరికి వచ్చాడు.

మజ్జిగ తాగుతున్న స్వామివారు గ్లాసు కింద పెట్టారు.

"పైడిరాజూ!"

బోధానంద నిలుచున్నవాడు నిలుచున్నట్టే ఉండిపోయాడు. పూర్వాశ్రమం పేరుతో పిలిస్తే సన్యాసి పలకకూడదు. ఆశ్రమంలో ఆ నియమం పెట్టింది స్వామివారే.

"పైడిరాజూ, నిన్నేరా! చెవుడా?"

"ఆ పేరుగలవాడు లేడు స్వామీ!" కోపం ఆగక గొంతు పెంచాడు బోధానంద. "సన్యాసం ఇచ్చిన రోజు వాడికి నా చేతే పిండం పెట్టించారు. మా నాన్న జీడితోటలో కూడా వాడికి వాటా లేకుండా పోయింది. మీరే ఇలా పిలిస్తే ఎలా?"

"అవే కాళ్ళు, అవే చేతులు, అదే మొహం కదరా. వాడు కాకపోతే మరి నువ్వెవడివి?"

 కాసేపటి కిందట బండి గురించి ఆ ప్రశ్న అడిగింది బోధానందే.

స్వామివారు అంతటితో వదల్లేదు. లేచి నిలబడ్డారు. "నిన్న ఆసుపత్రికెళ్ళాను. నువ్వొక్కసారైనా వెళ్ళావా? ఆపరేషను కోసం ఆశ్రమానికున్న ఒక్క మామిడితోటా అమ్మేస్తున్నాను, ఆ బాధ నేను పడతాను. ఆవిడ ఏం చెప్పిందో విను. వంపు రాకముందే అరిచిందట, 'ఒరే పైడీ, మెల్లగా తోలరా, నాను పడిపోతాను' అని. గొంతు పోయేలా అరిచిందట. నువ్వు పలకలేదట."

బోధానంద తల వంచుకున్నాడు. ఆ అరుపు అప్పుడూ వినిపించింది. బోధానంద అనే పేరు ఆవిడకు నోరు తిరగదు. అందరి ముందూ పైడీ అంటుందని ఎన్నోసార్లు కసిరాడు. ఆ రోజూ మళ్ళీ అదే పేరా అని పళ్ళు నూరుకుని, వినపడనట్టు బండిని ఇంకా జోరుగా తోలాడు.

"ఆవిడకి నా మీద కోపంగా ఉందా స్వామీ?" అన్నాడు చివరికి.

"లేదు. 'సన్నాసోడు కదా బాబూ, పలక్కూడదంట' అని నిన్నే వెనకేసుకొచ్చింది. నాకు ఒళ్ళు మండింది అందుకే."

బోధానందకు కళ్ళు నిండాయి. స్వామివారు ఓదార్చలేదు, గుమ్మం చూపించారు.

"ముందు పోలీసు స్టేషనుకెళ్ళి సీటు కింద ఏం చేశావో చెప్పు. అక్కడ పేరడుగుతారు, రెండు పేర్లూ చెప్పు. అక్కణ్ణించి ఆసుపత్రికెళ్ళు. అక్కడ పేరడగరు, పిలుస్తారు. ఈసారి పలుకు."