నీటి నడక నోచిన వాబనూక్వె కథ

కలశము కదలకమునుపే కథ చెప్పుకొందము. తలకొక పువ్వు చేతబట్టి వినుడు.

తృణకేతుడను ముని జలపాద మహామునిని సమీపించి, నదులును సరస్సులును విషమగు కాలమున మానవులు ఏ వ్రతము నోచి తరింతురని అడిగెను. అందులకు జలపాదుడు ఇట్లు చెప్పెను.

ఉత్తర దేశమున సముద్రములవంటి మంచినీటి సరస్సులు గలవు. వాని తీరమున అనిషినాబే జనులు చేపలు పట్టుకొనుచు, నీట తనంత మొలచు వరిని కోసికొనుచు బ్రతికిరి. వారిలో నీటిని కాచు బాధ్యత ఆడువారిది. వాబనూక్వె అను ఇల్లాలి తల్లి, ఏటేట మంచు కరగగానే రాగి కడవతో నీరు ముంచి, సరస్సు చుట్టును నడచి, ఆ నీటిని మరల సరస్సులోనే కలిపెడిది. అవసానకాలమున ఆమె బిడ్డను పిలిచి, "నా తర్వాత నువ్వే నడవాలి తల్లీ. నీళ్ళను ఒంటరిగా వదిలెయ్యకు" అని చెప్పి కన్నుమూసెను.

వాబనూక్వె సరేననెనేగాని నడవలేదు. ఆ ఏడే ఎగువన కాగితపు కర్మాగారము వెలయగా, ఆమె అందు పనికి కుదిరెను. వసంతము వచ్చినప్పుడెల్ల, "పని మానుకుని ఎలా నడిచేది? వచ్చే ఏడు చూద్దాం" అనుకొనెను. అట్లు ఆరేండ్లు గడచెను.

కర్మాగారపు మురుగు సరస్సున కలిసెను. చేపలు తెల్లని పొట్టలతో తేలి ఒడ్డునకు వచ్చెను. తేలనివానిని జనులు తినిరి. ఆమె భర్త నోడిన్‌కు వల విసరు చేతులు వణక నారంభించెను. పిమ్మట చూపు సన్నగిల్లెను. తుదకు గిన్నెడు నీరు నోటికి అందుకొనలేక మరణించెను. ఏడాది తిరుగకమునుపే తొమ్మిదేండ్ల కూతురు మీగ్వన్, "అమ్మా, వేళ్ళకు చల్లదనం తెలియట్లేదే" అనెను.

వాబనూక్వె పోయి, తన తల్లివెంట నడచిన పినతల్లి పాదములపై బడెను. ఆ ముసలామె విధి తెలిపెను: వేకువన తమకు పవిత్రమగు పొగాకును నీటికి సమర్పించి కడవ ముంచవలెను, పొద్దుగూకువరకు కడవలోని నీరు ఆగరాదు, అలసినచో నడచుచునే వేరొకరి చేతికి ఈయవలెను, అడుగు వెనుకకు పడరాదు.

ఆమె పని విడిచి బయలుదేరెను. నాలుగవనాడు కర్మాగారపు వాకిట కావలివారు నవ్విరి. భర్త తలపునకు రాగా ఆమె కడవ దించి రాయి విసరెను. తోపులాటలో కడవ దొరలి నీరు నేలపాలయ్యెను. ఇల్లు చేరునప్పటికి మీగ్వన్ లేచి నిలువలేకుండెను.

"నీళ్ళు మోసే చేత్తో రాయెత్తావా?" అని పినతల్లి ఏడ్చెను. "మళ్ళీ మొదటినుంచి నడువు. ఈసారి నీకంటూ ఏదీ అడక్కు. నీళ్ళ కోసం నడువు."

వాబనూక్వె మరల నీరు ముంచెను. పాదములు పగిలి నెత్తురు కారినను ఆగలేదు. ఇంటింట ఒకరిని పోగొట్టుకొన్న ఆడువారు వచ్చి కడవ అందుకొనిరి. కర్మాగారపు వాకిట కావలివాని భార్యయే బయటికి వచ్చి, వణకు చేతులు చాచి, "నేనూ ఆ చేపలే తిన్నానక్కా. కాసేపు నాకియ్యి" అనెను. ఆనాడు ఎవరును నవ్వలేదు.

పదునొకండవ దినమున నీరు సరస్సును చేరెను. మూడవ వసంతమునకు మూడువందల మంది నడచిరి. అధికారులు తలయొగ్గి మురుగు తూము మూయించిరి. వరి మరల వెన్ను తీసెను. చేపలు మాత్రము నేటికిని తినదగినవి కావు. మీగ్వన్ కర్ర ఊతతో నడచుచున్నది.

కావున, తృణకేతా! నీరు త్రాగు ప్రతివారును ఈ వ్రతమునకు అర్హులే. కడవ పట్టు స్త్రీలును, వెంట కాపుండు పురుషులును, నడువలేక త్రోవలో అన్నము పెట్టువారును సమముగా ఫలమొందుదురు. దీనివలన సిరులు కురియవు, పోయినవారు తిరిగిరారు. నోచినవారు చూడని రేవులలో, వారి పేరెరుగని బిడ్డలు నిర్భయముగా దోసిలి పట్టుదురు. ఇంతే ఫలము. నీటికి మ్రొక్కి లేవుడు.