విస్సన్న పూడ్చిన చీలికలు

నల్లమద్ది అడవిలో జంతువులకు కొదవ లేదు. పనిచేసే జంతువులకే కొదవ. దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు బోలెడన్ని ఉండేవి. ఒక తాబేలు ఉండేది. అది ఎప్పుడు చూసినా తొందర పని మీద వెళ్తున్నానని చెప్పేది. పాపం, ఎవరూ కాదనేవారు కాదు. ఒక తొండ ఉండేది. ఎవరేం చెప్పినా తల ఊపేది. అందువల్ల ఏ తగాదా వచ్చినా రెండు పక్షాల వాళ్లూ తొండ తమవైపే ఉందని నమ్మేవారు. ఒక అడవిపంది కూడా ఉండేది. బురదలో పొర్లడం, ఇతరుల పనిలో వంకలు వెతకడం దాని పనులు. రెండూ ఎంతో శ్రద్ధగా చేసేది.

నిజంగా పనిచేసేవాళ్లంటే వడ్రంగి పిట్ట విస్సన్న, ఉడుత మంగ. ఒక పెద్ద మద్ది చెట్టు తొర్రలో ఇద్దరూ కలిసి వడ్రంగి కొట్టం నడిపేవారు. విస్సన్న ముక్కుతో చెక్కేవాడు, చిల్లులు పెట్టేవాడు, చెక్కను అద్దంలా నున్నగా చేసేవాడు. మంగ పళ్లతో సన్నగా కోసేది, అంటించేది.

విస్సన్నకు ఒక పట్టింపు ఉండేది. చెక్కలో వెంట్రుకంత చీలిక కనిపించినా ఊరుకునేవాడు కాదు. వెంటనే లక్క కరిగించి, రంపపు పొట్టు కలిపి, ఆ చీలికను పూడ్చి, పైన మెరుగు పెట్టేవాడు.

"చీలిక ఉన్న చెక్క నా కొట్టం గడప దాటదు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అడగని వాళ్లకు కూడా చెప్పేవాడు.

ఒక ముసురు రోజు ఎలుగుబంటి ఎల్లమంద తాత కొట్టానికి వచ్చాడు. చంకలో తంబుర ఉంది. పొద్దు వాలే వేళకు ఆయన గుహ ముందు కూర్చుని ఆ తంబుర మీటుతూ పాడితే అడవి అడవంతా వచ్చి వినేది. దుప్పులైతే మొదటి పాటకే నిద్రపోయి, ఆఖరి పాట చాలా బాగుందని మెచ్చుకునేవి.

"పలక లేచిపోయింది నాయనా," అన్నాడు తాత. తంబుర సొరబుర్ర మీద పరిచిన పల్చటి పనస పలక చెమ్మకు ఒక పక్కన ఊడి, అంచు పైకి లేచి ఉంది. "శ్రుతి లేకపోతే నా గొంతు దారి తప్పుతుంది. ఈ బుర్ర కాసిన తీగ మీ అవ్వ నాటింది. ఆవిడా లేదు, ఆ తీగా లేదు. కాస్త జాగ్రత్తగా చూడండి."

"నా దగ్గరికి వచ్చాక మీకు దిగులెందుకు తాతా?" అన్నాడు విస్సన్న. "ముసురు వెలిసేసరికి పాట పాడుకుందురు గాని."

తాత వెళ్లిపోయాక మంగ తంబురను అటూ ఇటూ తిప్పి చూసింది. అంటించడం పెద్ద పని కాదు. జిగురు ఆరేదాకా అదిమి ఉంచడమే అసలు పని. అంతకుముందు ఏది అంటించినా దాని మీద తాబేలును కూర్చోబెట్టేవారు. తొందర పడమని ఎవరూ అనని ఉద్యోగం కాబట్టి తాబేలు దాన్ని ఇష్టంగానే చేసేది. కాని తంబుర మీద తాబేలును కూర్చోబెడితే మిగిలేది తాబేలే.

"క్లాంపులు చేద్దాం అన్నా," అంది మంగ. "చెక్కతోనే. రెండు దవడల మధ్య పట్టి మెత్తగా అదిమేవి."

ఎలా చేయాలో మట్టి మీద గీసి చూపించింది. పొడుగాటి పట్టీకి ఒక చివర కదలని దవడ. దాని ముందు పట్టీ మీద జరిగే ఇంకో దవడ. జరిగే దవడ కొసన ఒక చిన్న మీట. ఆ మీట పిట్టగుడ్డులా ఉంటుంది, అది తిరిగే మేకు చిల్లు మాత్రం నడిమధ్యన కాకుండా ఒక పక్కకు ఉంటుంది. మీటను తిప్పితే దాని లావు వైపు వచ్చి దవడను నొక్కుతుంది.

విస్సన్నకు ఆ బొమ్మ నచ్చింది. మంచి మద్ది చెక్క తీసి పట్టీలు, దవడలు, మీటలు చెక్కాడు. ఎంత నున్నగా చెక్కాడంటే, ఒక నెమలి ఆ చెక్క దవడలో తన మొహం చూసుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

అప్పుడు మంగ వచ్చి జరిగే దవడ ఒకటి తీసుకుంది. కొస నుంచి పొడుగునా, మరో చివరకు కొంచెం ఇవతలి దాకా, పళ్లతో సన్నటి చీలిక కోసింది.

విస్సన్న ఈకలు లేచి నిలబడ్డాయి. "ఏం చేస్తున్నావ్ చెల్లీ! బంగారంలాంటి చెక్కను చీలుస్తావా?"

"చీలిస్తేనే కదన్నా కింద పల్చటి నాలుక వచ్చేది. మీట తిప్పితే ఆ నాలుక కొంచెం వంగుతుంది. వంగుతుంది కాబట్టే మెత్తగా నొక్కుతుంది. లేకపోతే రాయితో కొట్టినట్టే."

"చూసేవాళ్లకు విరిగిన చెక్కలా కనబడుతుంది."

"చూసేవాళ్లకు తంబుర ఉందా ఏంటి?"

మంగ ఒక మగ్గిన నేరేడు పండు తెచ్చి రెండు దవడల మధ్య పెట్టి మీట తిప్పింది. పండు కదలకుండా నిలబడింది. చుక్క రసం కారలేదు. అక్కడే ఉన్న తొండ తల ఊపింది.

విస్సన్న పండును చూశాడు. క్లాంపును చూశాడు. "పండు సంగతి వేరులే," అన్నాడు. మంగ అన్ని దవడలకూ చీలికలు కోసేసింది.

మర్నాడు మంగ తుమ్మ జిగురు కోసం వాగు అవతలికి బయలుదేరింది. ఆమె అటు వెళ్లగానే అడవిపంది ఇటు వచ్చింది. వరసగా పేర్చి ఉన్న క్లాంపులను వాసన చూసింది. వాటిలో తినేది ఏదీ లేదని తేలాక వంక వెతికింది.

"ఏం విస్సన్నా, నీ చెక్కకు కూడా చీలికలు వచ్చేశాయే!"

"అవి వచ్చినవి కాదు, కోసినవి," అన్నాడు విస్సన్న.

"ఓహో, కోసినవా? నిరుడు నా పీట విరిగితే అది కూడా నేనే కోశానని చెప్పాల్సింది. తోచలేదు."

గడప దగ్గర చేరిన కుందేళ్లు కిసుక్కున నవ్వాయి. ఎందుకు నవ్వుతున్నాయో వాటికి తెలియదు. ఎవరో నవ్వారు కాబట్టి నవ్వాయి. విస్సన్నకు మాత్రం ఆ నవ్వు గుండెలో ముల్లులా దిగింది. వాళ్లంతా వెళ్లిపోయాక కూడా ఆ నవ్వే వినిపిస్తూ ఉంది.

అతను క్లాంపుల వంక చూశాడు. అంత నున్నటి చెక్క మీద ఆ చీలికలు ఒక్కొక్కటీ తనను వెక్కిరిస్తున్నట్టు అనిపించింది. 'కాస్త పూడిస్తే ఏమవుతుంది? చీలిక పోతే చెక్క ఇంకా గట్టిపడుతుంది. గట్టిపడితే మంచిదే కదా,' అనుకున్నాడు.

లక్క కరిగించాడు. పొట్టు కలిపాడు. ఒక్కో చీలికనూ నిండా పూడ్చి, ఆరాక మెరుగు పెట్టాడు. చీలిక ఎక్కడుందో వెతికినా దొరకదు. అంత బాగా అతను ఎప్పుడూ పూడ్చలేదు.

మధ్యాహ్నానికి మంగ జిగురుతో తిరిగి వచ్చింది. వానలో తడిసి ముద్దయింది. గూట్లో ఆమె పిల్లలు ఆకలితో కీచుమంటున్నాయి.

"నువ్వు వెళ్లి పిల్లలకు తిండి పెట్టు చెల్లీ. తంబుర సంగతి నేను చూస్తా," అన్నాడు విస్సన్న.

"క్లాంపులు అన్నీ సిద్ధమేనా అన్నా?"

విస్సన్న గొంతు దాకా మాట వచ్చింది. 'చీలికలు పూడ్చాను చెల్లీ' అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. మంగ కోప్పడేది. కాసేపు గొణిగేది. తర్వాత కూర్చుని మళ్లీ కోసేది. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు.

"సిద్ధమే," అన్నాడు.

మంగ వెళ్లిపోయింది.

విస్సన్న బుర్ర అంచుకు జిగురు రాశాడు. పలకను సరిగ్గా కూర్చాడు. క్లాంపు తెచ్చి ఒక దవడ బుర్ర కిందికి, ఇంకో దవడ పలక మీదికి వచ్చేలా జరిపాడు. మీట తిప్పాడు. మీట కదలలేదు. నాలుక వంగితేనే కదా మీట తిరిగేది. లక్క దాన్ని వంగనివ్వలేదు.

ఇంకొంచెం బలంగా తోశాడు. మీట కిర్రుమంది. జిగురు ఆరిపోతూ ఉంది. పలక అంచు ఇంకా లేచే ఉంది. మంగను పిలుద్దామా అనుకున్నాడు. పిలిస్తే చూస్తుంది. చూస్తే తెలిసిపోతుంది.

పిలవలేదు. ముక్కుతో మీటను గట్టిగా కొట్టాడు. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ.

చీలికలోని లక్క పటుక్కున పగిలింది. అంతసేపూ బిగుసుకుని ఉన్న మీట ఒక్కసారిగా తిరిగింది. దవడ వెళ్లి పలకను తన్నింది.

పనస పలక ఆ అంచు నుంచి ఈ అంచు దాకా పగిలింది. కింద బుర్ర కూడా నెర్రెలిచ్చి లోపలికి కుంగింది. తంబుర తీగలు ఒక్కసారి ఝుమ్మని మోగి ఆగిపోయాయి.

ఆ చప్పుడుకు మంగ పరుగెత్తుకుంటూ వచ్చింది. పలకను చూసింది. క్లాంపును తీసి దవడ వాసన చూసింది. లక్క వాసన. విరిగిన లక్క పెచ్చు ఒకటి ఆమె కాలి దగ్గరే పడి ఉంది.

"చెల్లీ..." అన్నాడు విస్సన్న.

"చెక్క విరిగితే ఇంకో చెక్క వెతుక్కోవచ్చు అన్నా," అంది మంగ మెల్లగా. "నేను అడిగాను. సిద్ధమే అన్నావు. ఇక రేపటి నుంచి నువ్వు ఏది సిద్ధమన్నా నేను లేచి వెళ్లి చూసుకోవాలి. అలా ఎన్నాళ్లు కలిసి పనిచేస్తాం?"

అరిచి ఉంటే విస్సన్నకు కొంత నయంగా ఉండేది. ఆమె అరవలేదు. పిల్లలను వెంటబెట్టుకుని, వాన కాస్త తెరిపి ఇవ్వగానే వాగు అవతలికి వెళ్లిపోయింది.

ఎల్లమంద తాతకు విస్సన్నే స్వయంగా వెళ్లి జరిగినదంతా చెప్పాడు. దారి పొడుగునా చెమ్మ మీదికి నెట్టేద్దామా అని ఆలోచించాడు. ముసురులో చెమ్మ అందరికీ అనుకూలమైన సాకు. కాని తాత మొహం చూశాక అబద్ధం నోటికి రాలేదు. తాత పగిలిన బుర్రను ఒళ్లో పెట్టుకుని, ముక్కలను వేళ్లతో ఒకదానికొకటి చేర్చి చూశాడు. చెయ్యి తీస్తే విడిపోయాయి. మళ్లీ చేర్చాడు.

"కావాలని ఎవరు చేస్తారు నాయనా," అన్నాడు.

వాగు అవతల మంగ కొత్త కొట్టం పెట్టింది. చీలిక కోసిన క్లాంపులు చేసి అందరికీ ఇచ్చింది. కొన్నాళ్లకే కోతుల డోళ్లు, నక్కల పీటలు, కుందేళ్ల ఊయలలు అన్నీ అక్కడికే వెళ్లాయి. అడవిపంది కూడా తన పీట తీసుకుని వెళ్లింది. ఆ చీలికలంటే తనకు మొదటి నుంచీ ఇష్టమేనని చెప్పింది. మంగ నవ్వి పీట అంటించి ఇచ్చింది. తాత తంబురను కూడా తెప్పించుకుని చూసింది. ఆమె చేతిలో కూడా ఆ బుర్ర నిలబడలేదు.

ఎట్టకేలకు ముసురు వెలిసింది. ఆ సాయంత్రం అలవాటు కొద్దీ అందరూ గుహ ముందుకు వచ్చి కూర్చున్నారు. దుప్పులకు నిద్ర రాలేదు. తాత గొంతు సవరించుకుని ఒక పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికే గొంతు దారి తప్పింది. ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆపేశాడు.

వెనక ఎక్కడో కూర్చున్న విస్సన్న లేచి ముందుకు వచ్చాడు. "తాతా, శ్రుతి నేను పడతా. మీరు పాడండి," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అడవిపంది కూడా నవ్వలేదు. విస్సన్న గొంతు విప్పాడు. కీచుమని ఒక కూత వచ్చింది, అంతే. చెట్టు మీద వాలి ముక్కుతో కొట్టి చూశాడు. టకటకా మోగింది. అది చెక్కను తొలిచే చప్పుడే కాని శ్రుతి కాదు. అయినా ఆపలేదు. ముక్కు నొప్పి పుట్టేదాకా కొడుతూనే ఉన్నాడు.

తాత చెయ్యెత్తి ఆపమన్నాడు.

"చాలు నాయనా," అన్నాడు మెత్తగా. "నువ్వు మంచి వడ్రంగివి."

విస్సన్న తల దించుకున్నాడు. కాసేపటికి ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్లిపోయారు.

నీతి: గట్టిగా పట్టాలంటే కొంచెం వంగే చోటు ఉండాలి. పరువు కోసం ఆ చోటు పూడ్చి, పూడ్చిన సంగతి దాచినవాడు తనను నమ్మినవాళ్ల సొత్తు విరగ్గొడతాడు.